కుడిచేతి హాజరు

ఆ వేసవిలో మా ఇంట్లో రెండు పుస్తకాలు ఉండేవి. రెండిట్లోనూ రాసేది నేనే. ఒకటి ఆసుపత్రిది. నాన్న కుడిచెయ్యి రోజూ ఏమేం చేసిందో అందులో గడుల్లో టిక్కు పెట్టాలి. రెండోది నా డైరీ. బైండింగు పనిలో మిగిలిపోయిన కాగితాలు కలిపి ఏడాదికొకటి నాన్నే కట్టి ఇచ్చేవాడు. ఆ ఏడాదిది ఆకుపచ్చ అట్ట. నాన్న తన కుడిచేత్తో కట్టిన ఆఖరి పుస్తకం అదే.

నేను మాట్లాడటం తక్కువ. బళ్ళో హాజరు పిలిచినప్పుడు నా గొంతు వినపడక మాస్టారు తలెత్తి చూసి, ఉన్నానని తెలుసుకుని, అప్పుడు టిక్కు పెట్టేవారు. మాట్లాడనివన్నీ డైరీలోకి పోయేవి.

నా పదో తరగతి పరీక్షలకి నెల ముందు నాన్నకి పక్షవాతం వచ్చింది. పొద్దున్నే ముందు గదిలో కూర్చుని కాగితాలు కుడుతూ కుడుతూ సూది జారవిడిచాడు. తియ్యడానికి వంగినవాడు లేవలేదు. ఇరవై రోజులకి ఇంటికి తీసుకొచ్చేసరికి మూతి సర్దుకుంది. మాట కాస్త ముద్దగా వచ్చేది. కాలు ఈడుస్తూ నడిచేవాడు. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి భుజానికి తగిలించినట్టు వేలాడేది.

నా పరీక్షలయ్యాక మంగళవారం, శుక్రవారం నేనే నాన్నని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్ళేదాన్ని. అమ్మకి చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే పని, పొద్దున ఎనిమిదికి వెళ్తే ఆరింటికి గానీ రాదు. ఫిజియోథెరపీ గది ఆసుపత్రి వెనక, రేకుల కప్పు కింద ఉండేది. గోడకి నిలువుటద్దం, ఎక్కి దిగడానికి తప్ప ఎక్కడికీ పోని నాలుగు మెట్లు, బంతులు, చెక్కముక్కల పెట్టెలు. ఒక్కొక్కరికి ఎనిమిది వారాలు. బయట బెంచీ మీద మా తర్వాతి వాళ్ళు ఎప్పుడూ కూర్చునే ఉండేవాళ్ళు.

అక్కడి మేడమ్ చిన్న మనిషి. మెడలో టేపు వేసుకుని ప్రతిదీ కొలిచేది. మొదటిరోజు నాన్న ముందు మధ్యలో అడ్డుపలక ఉన్న పెట్టె పెట్టి, ఇటువైపు చెక్కముక్కల్ని కుడిచేత్తో తీసి అటువైపు వెయ్యమంది. ఒక నిమిషంలో నాన్న నాలుగు వేశాడు.

"వేళ్ళలో కదలిక ఉంది బైండరు గారూ. అదే నాకు కావాల్సింది," అంది మేడమ్. "మీకు గండం ఎక్కడో తెలుసా? మీ ఎడమచెయ్యి. ప్రతి పనికీ అదే ముందుకొస్తుంది. దాన్ని కట్టిపడేస్తే గానీ ఇది పని చెయ్యదు. రోజుకి మూడు గంటలు ఎడమచేతికి తొడుగు వెయ్యాలి. ఆ మూడు గంటలూ గ్లాసెత్తినా, తలుపు తీసినా, దురద పుట్టినా కుడిచెయ్యే."

"దురద పుట్టినా?" అన్నాడు నాన్న.

"దురద పుడితే ఇంకా మంచిది. తొందరగా నేర్చుకుంటుంది."

బల్లకి అటువైపు మాతోపాటే చేరిన రిటైరైన బస్సు కండక్టరు నవ్వాడు. ఆయనకీ కుడిచెయ్యే. "నాది సెలవు చీటీ కూడా ఇవ్వకుండా డ్యూటీ మానేసింది బావగారూ. మరి మీది?"

"మాదీ అంతే."

"అయితే ఇద్దరం కలిసి సంజాయిషీ అడుగుదాం."

మేడమ్ నవ్వలేదు. గడులు గీసిన కాగితాలు నా చేతికిచ్చింది. "మొదటి మూడు నాలుగు నెలలు చెయ్యి చెప్పిన మాట వింటుంది. ఆ తర్వాతా వింటుంది గానీ మొండికేస్తుంది. ఇప్పుడు పోగొట్టుకోకండి. ఏ రోజు ఎంత చేశారో ఈ అమ్మాయి రాస్తుంది. అది చూసే నేను ముందుకెళ్తాను."

విడికాగితాలు ఇంట్లో పెట్టుకుంటే బైండరు పరువేం కాను అని నాన్న వాటిని నాచేత కుట్టించి అట్ట వేయించాడు. అమ్మ బైండింగు అట్టలకి వాడగా మిగిలిన క్యాలికో గుడ్డతో తొడుగు కుట్టింది. వేళ్ళు లేని సంచీ, మణికట్టు దగ్గర నాడా. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దూడ మూతికి కట్టే చిక్కంలా ఉందే," అన్నాడు. ఇక దాని పేరు చిక్కమే.

మొదటివారం నిజంగా చేశాడు. గ్లాసు ఎత్తడం వంద సార్లు. నీళ్ళు సగం లుంగీ మీదే. పాత కాగితం ఉండచుట్టడం, మళ్ళీ విప్పడం. ఆరోరోజు ఒక కాగితాన్ని కుడిచేత్తోనే మడతపెట్టాడు. అంచులు రెండు వేళ్ళ ఎడంతో తప్పాయి. దానివంక చాలాసేపు చూసి, "ఇలాంటి మడత వేశాడని ఒకప్పుడు ఒక పనివాణ్ణి మాన్పించాను," అన్నాడు. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: మూడు గంటల అయిదు నిమిషాలు. బొటనవేలు చూపుడువేలిని తాకింది. తొమ్మిది సార్లు.

ఆ శుక్రవారం పెట్టెలో ఏడు చెక్కముక్కలు పడ్డాయి.

తర్వాతి సోమవారం మా బడి హెడ్మాస్టరు వచ్చారు. ఏటా మా బడికీ చుట్టుపక్కల బడులకీ హాజరు పట్టీలు కట్టేది నాన్నే. నాన్న చేతికి చిక్కం ఉంది. హెడ్మాస్టరు దాన్ని చూసి చూపు పక్కకి తిప్పుకున్నారు.

"పలకరించి పోదామని వచ్చానయ్యా. పట్టీల గురించి నువ్వేం బెంగపెట్టుకోకు. పట్నంలో మిషను మీద కట్టేవాళ్ళున్నారు."

"ఎన్ని కావాలి సార్?"

"రెండొందల నలభై. కానీ నువ్వు..."

"బళ్ళు తెరిచేలోపు ఇస్తాను."

ఆయన గుమ్మం దాటాక నాన్న ఎడమచెయ్యి నావైపు చాపాడు. "విప్పమ్మా."

మేడమ్ మూడు గంటలంది కదా అని నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగింది.

"చెయ్యి ఇవాళ కాకపోతే రేపు వస్తుంది," అన్నాడు నా మొహం చూసి. "పని ఒకసారి మిషనుకి పోయిందంటే మళ్ళీ మన గుమ్మం తొక్కదు."

ముడి విప్పింది నేనే.

ఇక ముందు గదంతా కాగితాలే. నేను మడతపెట్టేదాన్ని. నాన్న ఎడమచేత్తో జిగురు పూసి అట్టలంటించేవాడు. అమ్మ ఫ్యాక్టరీ నుంచి వచ్చి కుట్టేది. పగలంతా కాజాలు, సాయంత్రం హాజరు పట్టీలు. నాన్న ఎడమచెయ్యి చూస్తుండగానే పనిమంతురాలైపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో పడుకుని ఉండేది. జిగురు చుక్క దానిమీద పడితే ఎడమచెయ్యే వచ్చి తుడిచేది.

పట్టీల పని మొదలైన రోజు సాయంత్రం ఆసుపత్రి పుస్తకం తెరిచి కూర్చున్నాను. గడి ఖాళీ.

"రాసెయ్," అన్నాడు నాన్న.

"చెయ్యలేదు కదా నాన్నా."

"ఖాళీ గడి పడనివ్వకూడదమ్మా. ఇన్నేళ్ళు ఇన్ని ఆఫీసులకి పుస్తకాలు కట్టాను, నాకు తెలీదా? తనిఖీకి వచ్చినవాడు నిండిన గడి జోలికి పోడు. ఖాళీ గడి మీదే వేలు పెడతాడు. రేపు రెండురోజులదీ కలిపి చేద్దాంలే."

టిక్కు పెట్టాను. చిన్నది, ఉందా లేదా అన్నట్టు. డైరీలో రాసుకున్నాను: ఇవాళ చిక్కం పదకొండు నిమిషాలు. నేను మూడు గంటలని వేశాను.

రేపు కలిపి చెయ్యలేదు. ఎల్లుండి చిక్కం మేకునుంచి దిగనే లేదు. వారం తిరిగేసరికి నా టిక్కులు పెద్దవయ్యాయి.

అమ్మ సాయంత్రం చెప్పులు విడుస్తూనే "చేశారా?" అనేది. నాన్న "దాన్నడుగు" అనేవాడు. నేను పుస్తకం ఇచ్చేదాన్ని. అమ్మకి చదవడం అంతంతమాత్రం. టిక్కుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకునేది. అయ్యాకే కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళేది. ఒకరోజు పుస్తకం మూసి నా తల నిమిరింది. "నువ్వు దగ్గరుండి చేయిస్తున్నావు కాబట్టి సరిపోయిందే తల్లీ. నాకు ఫ్యాక్టరీలో మనసు నెమ్మదిగా ఉంటోంది."

ఆ రోజు డైరీలో ఆ మాట తప్ప ఇంకేం రాయలేదు.

మేడమ్ కూడా మా పుస్తకం చూసి మెచ్చుకునేది. కండక్టరు గారి కాగితాల్లో మాత్రం అక్కడక్కడా తెల్లగా ఉండేది. "ఈ రెండురోజులూ ఏమైంది?" అని నిలదీసింది ఒకసారి.

"మా ఆవిడ వాళ్ళక్క ఇంటికెళ్ళింది మేడమ్. చెప్పేవాళ్ళు లేక ఎగ్గొట్టాను."

"బైండరు గారి పుస్తకం చూడండి, ఒక్కటైనా ఖాళీ ఉందా?"

"ఆయనకి కూతురుంది. నాకు కొడుకు. వాడికి టీవీ ఉంది."

మేడమ్ తల పట్టుకుంది. కానీ ఆయన తప్పించిన రోజులు చూసి, ఏ వ్యాయామం విసుగ్గా ఉందో అడిగి, దాన్ని మార్చేసింది. టికెట్లు చింపే పని పెట్టింది. మాకు ఏమీ మార్చలేదు. మాకు అన్నీ బాగానే జరుగుతున్నాయి.

ఎనిమిదోవారం చివర్లో మళ్ళీ పెట్టె తెచ్చింది. ముందు కండక్టరు గారు. మొదట్లో అయిదు వేసిన మనిషి పంతొమ్మిది వేశాడు. "దిగేవాళ్ళు ముందుకు రావాలి," అంటూ ఒక్కో ముక్కనీ అటు పడేస్తుంటే గదిలో అందరూ నవ్వారు.

నాన్న ఆరు వేశాడు.

మేడమ్ ఇంకోసారి వెయ్యమంది. మళ్ళీ ఆరే. పుస్తకం తీసి ముందుకీ వెనక్కీ తిప్పింది. మణికట్టు కొలిచింది. "నొప్పేమైనా ఉందా?" అంది. నాన్న లేదన్నాడు. ఆమె నావైపు చూసింది. నేను ఆమె మెడలో టేపు వంక చూశాను. దానిమీద అంకెలు తలకిందులుగా ఉన్నాయి.

మేడమ్ స్టూలు లాక్కుని నాన్న ఎదురుగా కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఇంకో నాలుగు వారాలు పొడిగించమని పైకి రాద్దామనుకున్నాను. కానీ రోజూ మూడు గంటలు చేసి కూడా ఇంతే వచ్చిందంటే, ఈ చెయ్యి ఇంతవరకేనేమో బైండరు గారూ. బయట బెంచీ మీద చూస్తున్నారుగా. ఈ కుర్చీ వాళ్ళకివ్వాలి. మీరు మాత్రం చెయ్యాల్సిందంతా చేశారు. మీ లోపం ఏమీ లేదు."

"సరే మేడమ్," అన్నాడు నాన్న.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. మా స్టాపు దగ్గరికొచ్చాక, "మన లోపం లేదంది కదా," అన్నాడు. నిండిన గడులు చూసీ చూసీ నాన్న కూడా నమ్మేశాడని నాకు అర్థమైంది.

అమ్మకి సాయంత్రం చెప్పాం. ఏడవలేదు. కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత వచ్చి నాన్న మంచానికి కుడిపక్కన ఉన్న స్టూలు ఎత్తింది. మంచినీళ్ళ చెంబు, కళ్ళజోడు, దువ్వెన దానిమీదే ఉండేవి. చెయ్యి చాపడం అలవాటు కావాలని మేడమే కుడివైపు పెట్టమంది. అమ్మ వాటినేం కదపకుండా స్టూలుని అటు మోసుకెళ్ళి ఎడమపక్కన పెట్టింది. మేకుకున్న చిక్కం తీసి, ఉతికి, ఆరాక మడిచి పెట్టెలో అడుగున పెట్టింది.

"ఇన్నిసార్లు టిక్కు పెట్టావే తల్లీ," అంది నాతో, ఓడిపోయింది నేనే అన్నట్టు.

నాలుగురోజులకి హెడ్మాస్టరు ఆటో తెచ్చుకుని పట్టీలు తీసుకెళ్ళారు. ఒక్కటి తక్కువ కాలేదు. "ఎడమచేత్తో కట్టావంటే ఎవరూ నమ్మరయ్యా," అన్నారు. నాన్న మొహం చాలారోజులకి వెలిగింది. హెడ్మాస్టరు ఒక పట్టీ తెరిచి, కొత్త కాగితం వాసన చూసి, "ఆఖరి పట్టీలు నీ చేతిమీదుగా పోవడం బాగుంది. వచ్చే ఏడు నుంచి హాజరంతా ఫోన్లోనేనట," అన్నారు.

ఆటో వెళ్ళిపోయాక నాన్న ఖాళీ గదిలో కూర్చుని ఎడమచేతి గోళ్ళలో ఎండిన జిగురు తీసుకోవాలని చూశాడు. తియ్యడానికి రెండో చెయ్యి కావాలి. కాసేపు చూసి మానేశాడు.

ఆ తర్వాతి మంగళవారం నేనొక్కదాన్నే బస్సెక్కాను. నాన్నకి స్నేహితురాలింటికని చెప్పాను. సంచీలో డైరీ ఉంది. మేడమ్‌తో చెప్పాల్సిన మాట దారంతా అనుకుంటూనే ఉన్నాను. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆ మాట లేదు.

నాన్న కుర్చీలో ఒక అక్క కూర్చుని ఉంది. పెళ్ళయి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. పసిబిడ్డని ఎత్తుకుని వాళ్ళత్తగారు పక్కన నిలబడింది. ఆ అక్క చెక్కముక్క ఎత్తుతోంది, అది జారుతోంది.

"ఏంటమ్మా, నాన్నకేమైనా అయిందా?" అంది మేడమ్.

డైరీ తీసి ఆమె చేతిలో పెట్టాను. చూడాల్సిన పేజీకి దారం అడ్డం పెట్టి తెచ్చాను. ఆమె నిలబడే చదివింది. ఆ పేజీతో ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. ఆ పేజీల్లో ఇంకేముందో నాకు తెలుసు. నాన్న తింటుంటే మెతుకులు గడ్డానికి అంటుకుంటాయి, నేను అటు చూడను అని ఉంది. నాన్నంటే నాకు భయం పోయింది, అదే బాగాలేదు అని ఉంది. అన్నీ చదివింది. నేను నేలమీద గచ్చు పగులు ఎక్కడిదాకా పోయిందో చూస్తూ నిలబడ్డాను.

"ఎన్నాళ్ళుగా?"

"మొదటి పదిరోజులే నిజం."

"నాకు ఒక్కసారి చెప్పలేకపోయావా?"

ఆమె డైరీ మూసింది.

"కోప్పడదామంటే ఎవరిని కోప్పడను? వేలు వేలూ టేపు పెట్టి కొలిచాను. నీతో మాత్రం ఒక్కరోజు విడిగా మాట్లాడలేదు." కుర్చీవైపు చూసింది. "ఆమెని లేపలేను. జాబితాలో నాన్న పేరు చివర రాస్తాను. మళ్ళీ పిలిచేసరికి వానాకాలం దాటిపోవచ్చు. అప్పటిదాకా ఇంట్లోనే చెయ్యాలి. ఎంత వస్తుందో చెప్పలేను. రెండు నెలల కిందట అడిగి ఉంటే ధైర్యంగా చెప్పేదాన్ని."

కొత్త కాగితాలు ఇచ్చింది. "చెయ్యని రోజు గడి ఖాళీగానే ఉంచు. నాకు దాన్నిబట్టే తెలుస్తుంది. ఇంట్లో ఈ సంగతి ఎవరు చెబుతారు?"

"నేనే."

అమ్మ వచ్చేదాకా ఆగాను. తర్వాత డైరీ తెరిచి తేదీలవారీగా చదివాను. నా గొంతు అంతసేపు ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మ మధ్యలో లేచి ఆసుపత్రి పుస్తకం తెచ్చింది. రోజూలాగే ఒక టిక్కు మీద వేలు పెట్టింది.

"ఇది?"

"చిక్కం తొమ్మిది నిమిషాలు."

"ఇది?"

"వెయ్యలేదు."

"ఇది?"

"వెయ్యలేదు."

పేజీ చివరిదాకా అడిగింది. తిప్పి మళ్ళీ మొదలుపెట్టబోయి ఆగిపోయింది.

"దాన్నేం అనకు," అన్నాడు నాన్న గోడవైపు నుంచే. "రాయమన్నది నేనే."

"మీరు రాయమన్నారు. అది రాసింది. నేను లెక్కపెట్టుకున్నాను," అంది అమ్మ. లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాలుగురోజులు నాతో మాట్లాడలేదు. అయిదోరోజు పొద్దున స్టూలు మళ్ళీ కుడిపక్కన ఉంది.

ఇప్పుడు ఏడాది కావస్తోంది. వానలు తగ్గాక మేడమ్ మళ్ళీ పిలిచింది. ఎనిమిది వారాలూ వెళ్ళాం. చెక్కముక్కలు పదకొండు దగ్గర ఆగాయి. కండక్టరు గారు ఒకసారి కలిసి, చొక్కా గుండీలు తనే పెట్టుకున్నానని చూపించాడు. నాన్న బాగుందన్నాడు. నాన్న చెయ్యి సూది పట్టదు. కాగితం కదలకుండా అరచేత్తో అదిమి పెట్టగలదు, అంతే. ఈ ఏటి డైరీ నేనే కట్టుకున్నాను. కుట్టు వంకరపోయింది. అదిమిపట్టింది మాత్రం నాన్నే.

స్టూలు కుడివైపుకి వచ్చిన ఆ రోజే నాన్న నన్ను పిలిచి ఎడమచెయ్యి చాపాడు. "చిక్కం తే."

తెచ్చి కట్టాను. మూడు గంటల పది నిమిషాలు ఉంచాడు. గ్లాసు నాలుగుసార్లు పడింది. ఒకసారి గ్లాసుని తిట్టాడు, ఒకసారి నన్ను. అయ్యాక నేను కొత్త కాగితం తీసి పెన్ను మూత తీశాను.

"ఇటివ్వు, నేను పెడతాను," అన్నాడు.

చిక్కం ఇంకా విప్పలేదు. పెన్ను కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించాను. జారింది. మళ్ళీ ఇరికించాను. నుదుటిమీద చెమట కారుతుంటే టిక్కు మొదలుపెట్టాడు. గీత కిందికి సరిగానే దిగింది. పైకి లేచేటప్పుడు చెయ్యి ఆగలేదు. గడి దాటి పక్క గడిలోకి పోయింది.

నాన్న దానివంక చూశాడు.

"పక్క గడిలో పడింది కొట్టెయ్యమ్మా," అన్నాడు. "రేపటిది ఇంకా చెయ్యలేదు కదా."

స్కేలు తెచ్చి కొట్టేశాను.